పైలట్ చదువు గురించి అడిగిన డ్రైవర్

ఎనభైల మొదట్లో అజ్మాన్ నుంచి దుబాయ్‌కి షేర్ టాక్సీలో వెళ్తుంటే, పక్కన కూర్చున్న జగిత్యాల మనిషి రాజేశం మాట కలిపాడు. అతను తన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, ఇంట్లో డ్రైవర్. కఫీల్ కొడుకు విదేశంలో పైలట్ డిగ్రీ చదివి వచ్చినందుకు విందు చేశారట. కఫీల్ రాజేశాన్ని తమతోపాటు ఒకే పెద్ద పళ్లెం దగ్గర కూర్చోబెట్టుకుని, మంచి మాంసం ముక్కలు తన చేత్తోనే అతని ముందు పెట్టాడట. యజమాని, డ్రైవర్ ఒకే పళ్లెంలో తినడం నేనెక్కడా చూడలేదు. ఆ మాటే అన్నాను.

"అవు సార్, మంచిగ చూస్తడు. గందుకే ధైర్యం జేసి అడిగిన. నా బిడ్డ ఇంటర్ సదువుతున్నది, ఇమానం నడిపే సదువు గావాలంటున్నది, ఏడ జేరాలె అని."

"ఏమన్నాడు?"

"అందరు నవ్విన్రు. 'నీ బిడ్డనా? ఖలాస్, ఇగ చాలు, తిను' అన్నడు. నేను గూడ నవ్విన."

అమ్మాయికి ఏం చెప్పారని అడిగాను.

"క్యాసెట్ల మాట్లాడి పంపిన. గా సదువు మనసొంటోళ్లకు గాదు బిడ్డా, కుట్టుమిషిని నేర్సుకో అన్న. మొన్న ఇంటి నుంచి జవాబు క్యాసెట్ అచ్చింది. అందరు మాట్లాడిన్రు సార్. నా బిడ్డ మాట్లాడలే."