సరోజనక్క పాలరంగు షీటు

కొత్త ప్లాస్టిక్ షీటు చుట్ట విప్పితే ఒక ఘాటైన వాసన వస్తుంది. నిన్న హనుమకొండలోని దుకాణంలో ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు కడుపుమంట మొదలైంది. మా పెరట్లోని చిన్న గ్రీన్‌హౌస్ పైకప్పు చినిగిపోతే కొత్తది కొందామని వెళ్లాను. "అద్దంలెక్క కనవడేదియ్యాల్నా, పాలరంగుదియ్యాల్నా మేడం?" అని దుకాణదారు అడిగాడు. పాలరంగుదే అన్నాను. ఆ జవాబు నాది కాదు, సరోజనక్కది. ఆమె చనిపోయి రెండేళ్లయినా, ఆమె మీద నా అసూయ మాత్రం పోలేదు.

సరోజనక్కది మా పక్కిల్లు. వాళ్లకు చౌరస్తాలో బట్టల దుకాణం ఉండేది. ఏటా మా వాడలో అందరికంటే ఎత్తైన బతుకమ్మ ఆమెదే. మేమంతా వానకు నాని నలిగిన బంతిపూలు బజారులో కొంటుంటే, ఆమె తన గ్రీన్‌హౌస్‌లో గంపనిండా తాజా పూలు కోసుకునేది. మా అత్తగారు కూడా నా బతుకమ్మను వదిలేసి ఆమె దాని దగ్గరే నిలబడేది. ఒక్క ఏడాదైనా ఆమెకంటే ఎత్తుగా పేర్చాలని నాకు పంతం పట్టుకుంది.

అందుకే నేనూ ఇనుప పైపులతో ఒక గ్రీన్‌హౌస్ వేయించాను. దేనితో కప్పాలని సరోజనక్కను అడిగితే, "పైన పాలరంగు షీటు ఎయ్యి, పక్కలకు వల కట్టు. గాలి ఆడాలె లతా" అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఏటా గెలిచే మనిషి తన కిటుకు అంత సులువుగా చెబుతుందా? పైనా, నాలుగు పక్కలా అద్దంలాంటి షీటే బిగించి, లోపల బంతినారు పెట్టాను. వాన వెలిసి ఎండ కాసింది. నారంతా ఉడికిన తోటకూరలా వాలిపోయింది.

సంగతి తెలిసి సరోజనక్క వచ్చింది. మిట్టమధ్యాహ్నం నా చెయ్యి పట్టుకొని గ్రీన్‌హౌస్ లోపల కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. కాసేపటికే ఇద్దరం చెమటతో తడిసిపోయాం.

"ఇంకింతసేపు ఉంటవా?" అంది.

"నాతోని కాదక్కా."

"నేను కూసోలేని కాడ మొక్కను పెట్ట. షీటు కొనేటప్పుడు గదొక్కటే సూస్త." చెంగుతో మొహం తుడుచుకుంది. "నా మీద కుళ్లు గదా నీకు? కుళ్లుకో, తప్పేం లేదు. నేను మా తోటికోడలు మీద కుళ్లుకునే ఇదంత నేర్చుకున్న. కానీ జర కండ్లు తెరుసుకొని కుళ్లుకో."

సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ఒళ్లు మండింది. నా అసూయలో కూడా ఆమె నాకంటే నాలుగడుగులు ముందే ఉందన్నమాట.

ఆ రోజు నుంచి కండ్లు తెరుచుకునే కుళ్లుకున్నాను. పైన పాలరంగు షీటు వేసి, పక్కలకు వల కట్టాను. ఆమె ఎప్పుడు నీళ్లు పెడుతుందో, ఏ మొగ్గ గిల్లుతుందో ప్రహరీ మీదుగా చూసి నేర్చుకున్నాను. నా పూలు బాగానే విరగబూశాయి. అయినా ఆమె ఉన్నంతకాలం ఆమె బతుకమ్మే జానెడు ఎత్తుండేది.

ఆమె పోయిన ఏడాది మా వాడలో నా బతుకమ్మే అన్నిటికంటే ఎత్తు. మా అత్తగారు దాని చుట్టూ తిరిగి, కళ్లద్దాలు సవరించుకొని, "అచ్చం సరోజన పేర్చినట్టే ఉన్నది" అంది. నా కడుపు మళ్లీ భగ్గుమంది. పక్కన ఆమె బతుకమ్మ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ ఏడాది కూడా జానెడు ఎత్తుతో నన్ను ఓడించడానికి ఆమె ఉంటే ఎంత బాగుండేది.