పేరు చెప్పని ప్రార్థన

మా చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరి కోసం ప్రార్థిస్తున్నా పేరు పైకి చెప్పరు. 'ఒక బిడ్డ', 'ఒక కుటుంబం' అంటారు. పేరు చెప్పకపోతే గుట్టు దాగుతుందని ఆ పద్ధతి. నిజానికి చాపల మీద మోకరించిన ఆడవాళ్లందరూ ఆ బిడ్డ ఎవరా అని లోలోపల వెతుకుతూనే ఉంటారు. నేనూ వెతుకుతాను.

ఆ వారం మిరప కల్లంలో నేను తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటే పాస్టరుగారి భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఆమెను మేమంతా అమ్మగారు అంటాం. కళ్ళు మూసుకుంటే మనసు దేవుడి దగ్గర ఉండటం లేదనీ, సగం చదివిన నవల దగ్గరికో దర్శి వెళ్లే బస్సు దగ్గరికో పోతోందనీ ఆమె ఒక్కరికే చెప్పాను.

శుక్రవారం ఆమె గొంతెత్తింది. "ప్రభువా, ఒక చెల్లి నీ సన్నిధిలో మోకరిస్తుంది గానీ మనసు నీ దగ్గర ఉండట్లేదయ్యా."

నా చెవులు వేడెక్కాయి. ఒక కన్ను తెరిచి చూస్తే పక్కింటి పిన్ని నన్నే చూస్తోంది. అమ్మగారు ఈమెకు ముందే చెప్పేసిందా? ఇంకెంతమందికి చెప్పింది? అందరూ ఆమెన్ అన్నాక గానీ నాకు ఆమెన్ గుర్తుకు రాలేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే పిన్ని అడిగింది. "ఏమే, ఆ చెల్లి ఎవరంటావ్?"

"నాకేం తెలుసు పిన్నీ."

"తెలియకుండానే కళ్ళు తెరిచి దిక్కులు చూశావా?"

నువ్వు మూసుకునే ఉంటే నీకెలా తెలిసింది అని అడగాలనిపించింది.

అందరూ వెళ్లాక లోపలికి వెళ్లాను. అమ్మగారు చాపలు చుడుతోంది.

"నేను చెప్పింది అందరిలో చెప్పేశారా అమ్మగారూ?"

"నీ గురించి కాదమ్మా. నా గురించి."

"మీ గురించా?"

"మబ్బు పడితే చాలు, కాయల మీద పట్టా కప్పారో లేదోనని నా మనసంతా మా కల్లంలోనే. పాస్టరు భార్యనయ్యుండి ఆ మాట నా పేరుతో ఎట్టా చెప్పుకోను?"

నవ్వింది. కానీ నా ముఖంలోకి చూడలేదు. నన్ను ఊరుకోబెట్టడానికే అలా అందేమో. ఆ అనుమానంతోనే వారమంతా గడిచింది. ఇక ఎవరికీ ఏదీ చెప్పుకోకూడదనుకున్నాను.

మళ్లీ శుక్రవారం మోకరించగానే అదే ఆలోచన. తోసెయ్యాలని చూశాను, పోలేదు. చివరికి దాన్నే దేవుడి ముందు పెట్టాను. 'ఆమె నాతో నిజమే చెప్పిందా తండ్రీ? నేను మళ్లీ ఆమెను నమ్మొచ్చా?' అని పెదవులు కదపకుండా అడిగాను.

జవాబు రాలేదు గానీ, ఈసారి నా మనసు ఆయన దగ్గర నుంచి ఎటూ పోలేదు. అందరితో పాటు ఆమెన్ అన్నాను.