సుందరరామయ్య గారి బొటనవేలు

సుందరరామయ్య గారు ఢిల్లీలో ఒకానొక మంత్రిత్వశాఖలో అసిస్టెంటు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కరోజైనా సిక్ లీవు పెట్టలేదు. ఆ మాట తన వీడ్కోలు సభలో, పదిమంది చప్పట్ల మధ్య, అధికారి హరనాథ్ గారి నోట వినాలి. ఆయనకున్న కోరికల్లా అదొక్కటే. నవంబరు నెలాఖరున రిటైర్మెంటు. సరిగ్గా పదిరోజుల ముందు ముక్కు కారడం మొదలైంది. స్వైన్ ఫ్లూ అంటూ ఊరంతా హడలి చస్తున్న ఏడాది అది!

"ఒళ్లు కాలిపోతోంది. రెండ్రోజులు ఇంట్లో పడుండండి మహానుభావా!" అంటూ ద్వారకలోని ఫ్లాటు గుమ్మానికి అడ్డం నిలబడింది భార్య అన్నపూర్ణేశ్వరి.

"వెధవ పడిశానికి జడిసి రికార్డు పాడుచేసుకోమంటావా?" అని ఓ తుమ్ము తుమ్మి, మెట్రో ఎక్కేశారు.

ఆఫీసులో ఓ సర్క్యులర్ వచ్చి ఉంది. ఫ్లూ జాగ్రత్తలట, అందరూ వరసగా చదివి సంతకం పెట్టాలిట. మొదటి పేరు ఈయనదే. ఈయనకో దిక్కుమాలిన అలవాటు. బల్లమీద తడి స్పాంజి ఉన్నా సరే, బొటనవేలు నాలిక్కి రాసుకుంటే గానీ కాగితం తిప్పరు. ఆరు పేజీలూ అలాగే తిప్పి, మధ్యలో వాటిమీదే రెండుసార్లు తుమ్మి, ఒక్క ముక్క చదవకుండా 'చదివితిని' అని గీకి పక్క బల్లకి పంపారు. పోనీ అంతటితో ఊరుకున్నారా? ప్రతివాళ్ల మొహంలో మొహం పెట్టి, సభకి తప్పక రావాలని పిలిచి మరీ వచ్చారు.

మూడోనాడు పక్క బల్ల శర్మాజీకి జ్వరం. మర్నాడు మిసెస్ చద్దాకి. "ఏం తిండ్లో ఏమిటో, ఒంట్లో బొత్తిగా సత్తువ లేదు వీళ్లకి," అని జాలిపడ్డారు సుందరరామయ్య గారు. ఆయన అప్పటికే హాయిగా కోలుకున్నారు.

సభ రోజున సమోసాలొచ్చాయి, బంతిపూల దండొచ్చింది. మనుషులే రాలేదు. అందరూ సిక్ లీవులో ఉన్నారు. ముక్కుకి రుమాలు కట్టుకున్న ప్యూను బన్వారీ ఒక్కడే, "ముబారక్ హో బాబూజీ," అంటూ ఆమడ దూరం నుంచి దండ విసిరాడు. అది చెవికి వేలాడింది.

ఏడుపొచ్చినంత పనైంది ఆయనకి. బల్లమీద తిరిగొచ్చిన సర్క్యులర్ కనబడింది. శర్మ, చద్దా... చివర హరనాథ్. జ్వరాలొచ్చిన వరసే! అందరికన్నా పైన తన సంతకం. అప్పుడు తెరిచి చదివారు. 'జలుబు, జ్వరం ఉన్నవారు ఇంటివద్దనే ఉండవలెను. తుమ్మునపుడు మోచేయి అడ్డు పెట్టుకొనవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.' పేజీ తిప్పబోతే బొటనవేలు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఇంతలో ఫోను మోగింది. హరనాథ్ గారు.

"రాలేకపోయానండీ రామయ్యగారూ," అని ఖళ్ళుఖళ్ళున దగ్గి, "ముప్పై ఏళ్లు... ఒక్క సిక్ లీవైనా లేకుండా... వాహ్!" అన్నారు ఆయాసపడుతూ.

సుందరరామయ్య గారు చెవికున్న దండ తీసి బల్లమీద పెట్టారు.

"ఒక్కటి పెట్టాల్సిందండీ," అన్నారు.