నల్ల పట్టీ విప్పిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు! నేను నర్సును, నా భర్త ప్రభాకర్ గారు సర్జన్. సూరత్‌లోని గోడాదరాలో మన తెలంగాణ మగ్గం కార్మికులు ఎక్కువగా వచ్చే ఒక చిన్న ఆసుపత్రిలో ఇద్దరం పని చేస్తున్నాం. ఆదివారం అమ్రోలిలో మన సంఘం కూడుకున్నప్పుడు తలుపు పక్క కుర్చీలో కూర్చుని, రెండో పాటకే లేచి బయటికి పోయి, చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి లోపలికి వచ్చే మనిషిని మీరు చూసే ఉంటారు. అది నేనే. పాస్టరుగారి ప్రసంగం పొడవెక్కువని నేను లేచిపోతున్నానని కొందరు నవ్వుకున్నారట, పాపం ఆయన తప్పేమీ లేదు! కొన్నేళ్లపాటు నేను ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోయాను.

మేమిద్దరం యెమెన్‌లో ఉద్యోగం చేస్తుండగా అక్కడ యుద్ధం మొదలైంది. గాయపడినవాళ్లు ఒక్కసారే పదులకొద్దీ వచ్చేవారు, సర్జన్ ఆయన ఒక్కరే, ఆపరేషన్ బల్ల ఒక్కటే. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. వరండాలో నేను ఒక్కొక్కరినీ చూసి మణికట్టుకు గుడ్డ పట్టీ కట్టాలి. ఎర్రది కడితే వెంటనే లోపలికి, పసుపుది కడితే కాసేపు ఆగవచ్చు, నల్లది కడితే ఇక ఆశ లేదు, డాక్టరు ఆగకుండా దాటి వెళ్లాలి. ఎందుకు కట్టావని ఆయన నన్ను అడగకూడదు, అడిగే ఆ కాస్త సమయంలో ఇంకొకరి ప్రాణం పోతుంది.

ఒక రోజు కడుపులో గాయమైన ఒక జాలరికి నల్లది కట్టాను. రెండే రెండు రక్తం సంచులు మిగిలి ఉన్నాయి, అవి వేరే ఇద్దరికి ఎక్కించాం, ఆ ఇద్దరూ బల్ల మీదే పోయారు. జాలరి మాత్రం సాయంత్రం దాకా బతికే ఉన్నాడు, సహోదరులారా! నీళ్లు అడిగాడు, తడిగుడ్డతో పెదవులు తుడిచాను, నా ముఖంలోకి చూస్తూనే ప్రాణం విడిచాడు. అతని పేరు కూడా నాకు తెలియదు. ఆ సంగతి నా భర్తకు చెప్పలేదు.

తర్వాత ఓడెక్కి దేశానికి వచ్చాం, సూరత్‌లో ఉద్యోగాలు దొరికాయి, దేవుడు మిమ్మల్ని కాపాడాడమ్మా అని అందరూ అంటుంటే అవునవును అని తలూపాను, కానీ నా లోపల యుద్ధం ఆగలేదు. బస్సెక్కితే ఎదుటివాళ్లను చూసి ఈయనకు పసుపుది, ఈమెకు ఎర్రది అని లెక్క వేసేదాన్ని. ప్రార్థనకు మోకరిస్తే సగంలోనే లేచిపోయేదాన్ని. మా ఆయన కూడా ఇంట్లో మూడు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ రంగు పట్టీలు మాత్రం నా కోటు జేబులోనే ఉండేవి, పారేయాలనుకుంటే చెయ్యి వచ్చేది కాదు.

పోయిన వానాకాలంలో ఒక ఉదయం బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లులో గోడ కూలి, ఐదుగురు కార్మికులను టెంపోలో వేసుకుని మా దగ్గరికే తెచ్చారు. నా చేతులు వాటంతట అవే జేబులోకి వెళ్లాయి. మల్లేశం అనే సిరిసిల్ల వైపు మనిషికి కడుపు ఉబ్బింది, నాడి దొరకడం లేదు, ఒళ్లు చల్లబడింది. నల్లది కట్టేశాను. మా ఆయన ఆ పట్టీ చూశారు, పాత అలవాటు ప్రకారం ఏమీ అడగకుండా పక్కమనిషి దగ్గరికి వెళ్లిపోయారు.

అప్పుడు మల్లేశం భార్య లావణ్య నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, గీ నల్ల పట్టీ ఏంది? డాక్టర్ సాబ్ అందరి కాడికి పోతుండు, మా ఆయన కాడికే ఎందుకొస్తలేడు? జర చెప్పక్కా!"

అక్కడే గోడకు ఆనుకుని, ఎన్నో ఏళ్లుగా నోట రాని ప్రార్థన చేశాను. "ప్రభువా, ఎవరు బతకాలో ఎవరు పోవాలో నేనే తేల్చాను. నీ కుర్చీలో కూర్చున్నాను. నాకు భయంగా ఉంది తండ్రీ, నన్ను దించెయ్యి!"

అంతే! బయట ఆటోల హారన్లు వినిపించాయి. అయ్యో, ఇది సూరత్ కదా! దగ్గరలోనే బ్లడ్ బ్యాంకు ఉంది, ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, మిగిలిన నలుగురినీ చూసుకోవడానికి పెద్దాసుపత్రి ఉంది. ఇన్ని ఉన్న ఊళ్లో నేను ఒక మనిషిని చావుకు వదిలేశాను! కత్తెరతో పట్టీ తెంచేసి కేక పెట్టాను.

"ఏమండీ, నేను తప్పు కట్టిన! ఈయన్ని చూడుర్రి!"

ఆయన వెనక్కి తిరిగి పరుగున వచ్చారు. నలుగురినీ పెద్దాసుపత్రికి పంపించాం, మల్లేశం తోటి కార్మికులు రక్తం ఇస్తామని బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తారు. బల్ల మీద రెండుసార్లు నాడి జారిపోయింది, రెండుసార్లూ ప్రభువా ప్రభువా అనడం తప్ప నాకేమీ తోచలేదు. పగిలిన ప్లీహాన్ని తీసేశాక రక్తం ఆగింది. మల్లేశం బతికాడు! దేవునికే మహిమ!

చేతులు కడుక్కునేటప్పుడు జాలరి సంగతి మా ఆయనకు చెప్పేశాను. ఆయన కుళాయి కట్టేశారు.

"నాకెర్కే. నీళ్లడుగుతుంటే విన్న. విని కూడ దాటి పోయిన. నీ పట్టీ చాటుకు దాక్కున్న."

ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి గురించి, వేర్వేరుగా ఏడ్చామన్నమాట. ఆ తడి నేల మీదే ఇద్దరం మోకరించి, పేరు తెలియని ఆ జాలరి కోసం, అతని ఇంటివాళ్ల కోసం ప్రార్థించాం. నన్ను క్షమించమని ఆయన, నన్ను క్షమించమని నేను.

సహోదరులారా, నా అశాంతి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కొన్ని రోజులు ఇప్పటికీ కాళ్లు నిలవవు. కానీ ఇప్పుడు ఒంటరిగా తిరగడం లేదు, మా ఆయన చెప్పులేసుకుని నాతో పాటే నడుస్తారు, నడుస్తూనే ప్రార్థిస్తాం. ఇంత చేసిన తండ్రికి నా కృతజ్ఞతలు! మీలో ఎవరైనా ఒక తప్పును మీ ఇంటివాళ్లకు కూడా చెప్పుకోలేక లోపలే మోస్తుంటే, మంచి మాటలు దొరికేదాకా ఆగకండి. వచ్చిన మాటలతోనే దేవుణ్ణి నమ్మి చెప్పుకోండి. తర్వాత పక్కన ఉన్న మనిషికి కూడా చెప్పండి. ఎవరికి తెలుసు, వాళ్లూ అదే మోస్తున్నారేమో! ఆమెన్.