నినిల్డుకు ఇచ్చేసిన చేతులు

మా బావ రిమూత్‌కు గొప్పలు ఎక్కువ. ఎవరింటికి పోయినా ముందు మంచం కోడు పట్టుకుని ఊపి చూసేవాడు. కదిలితే "ఇది నా చేతిది కాదులే" అని నవ్వేవాడు. కదలకపోతే ఇక ఆ ఇంటివాళ్ళ పని అయిపోయినట్టే, ఆ మంచం పుట్టుపూర్వోత్తరాలన్నీ వినాల్సిందే. మా అక్క నుప్తాయ అనేది, "పెళ్ళిచూపుల్లో నా మొహం చూశాడనుకుంటున్నావా తమ్ముడూ? మనింటి తలుపు చూశాడు. చూసి, ఎవడీ పని చేసిన దద్దమ్మ అన్నాడు." ఆ దద్దమ్మ మా నాన్నే. అయినా పిల్లనిచ్చాడు. పనివాడంటే అలాంటి పనివాడు మరి.

నా పేరు లబాషి. నేనూ వడ్రంగినే, కాకపోతే ఎక్కువగా పడవల పని.

మా వడ్రంగుల దేవుడు నినిల్డు. పైలోకంలో పెద్ద దేవుళ్ళకు పీఠాలు, తలుపులు చేసేది ఆయన, కూర్చునేది వాళ్ళు. మా ఊళ్ళో ఆయనకు గుడి లేదు. పనిశాల మూలన ఒక గూడు, అందులో జానెడు రాతి గొడ్డలి, అంతే. పొద్దున్నే ఆ గొడ్డలి ముందు కాస్త బీరు పోసి, మొదట లేచిన చెక్కపేడు అక్కడ పెట్టి పనిలోకి దిగుతాం. ఇంత చిన్న దేవుడికి భయమేమిటని అనుకోకండి. పెద్దవాళ్ళకు రాజులు, వరదలు, యుద్ధాలు, సవాలక్ష పనులు. ఈయనకు మేము తప్ప వేరే పని లేదు. ఎప్పుడూ మా చేతుల వంకే చూస్తూ ఉంటాడు.

ఊరి అమ్మవారి పాత విగ్రహాన్ని చెదలు తినేస్తే, కొత్త విగ్రహానికి కర్ర చెక్కే పని మా బావకు వచ్చింది. పైన బంగారు రేకు తొడిగేది కంసాలులు, లోపలి ఒళ్ళంతా మా బావదే. అప్పుడు నేను ఊళ్ళో లేను, ఎగువన పడవల పనిలో ఉన్నాను. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

విగ్రహం పూర్తయితే సరిపోదు. మనిషి చేసినదాన్ని దేవుడని ఎలా మొక్కుతాం? అందుకని కాలువ పక్క తోటలో ఒక తంతు జరుగుతుంది. చేసినవాడి రెండు చేతులూ గుడ్డతో కట్టి, పూజారి చెక్క కత్తిని మణికట్ల మీద ఆనించి నరికినట్టు గీస్తాడు. చేసినవాడు ఒట్టు వేయాలి: "నేను చెయ్యలేదు. ఈమెను నినిల్డు చేశాడు." ఆ తర్వాత వాడి ఉలీ, బాడిసా గొర్రె తొడలో పెట్టి కుట్టి ఏట్లో వదిలేస్తారు. అప్పటి నుంచి ఆ చేతులు నినిల్డువి. ఆ విగ్రహం మీద గానీ, దాని పనిలో గానీ అవి మళ్ళీ పడితే ఒట్టు అబద్ధమైనట్టు. అమ్మవారు ఉత్త మొద్దు అయిపోయినట్టు. అలాంటి చేతులను నిజంగానే తీసేస్తారు.

ఆ ఒట్టు వేసి ఇంటికొచ్చిన రోజు మా బావ సాయంత్రం దాకా గడపలో కూర్చుని మణికట్లు రుద్దుకున్నాడట. "చెక్క కత్తేనే, కానీ చల్లగా తగిలింది" అన్నాడట అక్కతో. ఆ తర్వాత ఎవరి మంచమూ ఊపి చూడలేదు.

మూడో వేసవిలో అమ్మవారి తల ఒరిగింది. వేలెడంతే, గుమ్మం వైపు. గుమ్మం వైపు చూసే దేవత వెళ్ళిపోవడానికి సిద్ధమైనట్టు. ఆ నెలలో ఊళ్ళో ఇద్దరు బాలింతలు పోయారు. గుడి అరుగు మీద పడుకునే కుక్కలు దిగి పోయాయి, తిండి వేసినా రాలేదు. పెద్ద పూజారి జేరియా మమ్మల్నందరినీ పిలిపించాడు. ఊళ్ళో వడ్రంగులంతా మా బావకు సాయంగా ఆ పనిలో ఏదో ఒక చెయ్యి వేసినవాళ్ళే, అంతా ఒట్టు వేసినవాళ్ళే. వెయ్యనివాణ్ణి నేనొక్కణ్ణే.

"నువ్వే నిలబెట్టాలి లబాషీ" అన్నాడు పూజారి.

"అయ్యా, నేను పడవలవాణ్ణి. లోపల ఏముందో నాకేం తెలుసు?"

"తెలిసినవాళ్ళు ముట్టుకోకూడదు కదయ్యా" అన్నాడాయన, నీరసంగా. తల ఊడి కింద పడితే నా ప్రాణం కూడా దాంతోనే పోతుందని ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు.

తిన్నగా మా బావ పనిశాలకు పోయాను. అక్క కూడా అక్కడే ఉంది. "బావా, మెడ దేనితో బిగించావు? చీల ఎటు నుంచి కొట్టావు? అదొక్కటి చెప్పు చాలు."

"నాకేం తెలుసురా? నేను చెయ్యలేదుగా."

"ఇక్కడెవరున్నారు వినడానికి! నేనూ అక్కే కదా!"

గూట్లో ఉన్న గొడ్డలి వంక చూశాడు. చూసి, మొహం తిప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఊరందరి మంచాల గురించీ వాగావు కదయ్యా! నా ప్రాణం దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోయిందా?" అన్నాను. అక్క ఏడుస్తూ అతని కాళ్ళు పట్టుకుంది. అతను కదల్లేదు. ఆ పూట మా బావను నేను అసహ్యించుకున్నాను, ఉన్నమాట చెబుతున్నాను.

మర్నాడు పొద్దున గుడి పనిశాలలో అమ్మవారిని దింపారు. బట్టలు తీసిన అమ్మవారిని చూడకూడదని పూజారి గోడవైపు తిరిగి కూర్చుని మంత్రం చదువుతున్నాడు. సాక్షిగా ఒట్టు వేసినవాళ్ళలో పెద్దవాడు ఉండాలి, చేతులకు గుడ్డ చుట్టుకుని. అంటే మా బావే.

మెడ ముందు రేకు విప్పాను. కర్రలో పగులు కనిపించింది. చీల ముందు నుంచే పోయి ఉంటుందనిపించింది. పడవల్లో మేమలాగే కొడతాం. ఉలి ఆనించాను. సుత్తి ఎత్తాను. చెమట కళ్ళల్లోకి కారుతోంది.

వెనక అడుగుల చప్పుడైంది. గుడ్డ చుట్టిన చెయ్యి నా చేతి మీద పడింది. ఉలిని మెల్లగా పక్కకు తోసి, చుట్టూ తిప్పి, జడ కింద ఒక చోట ఆనించింది. రెండుసార్లు తట్టి, వెళ్ళిపోయింది. అక్కడ కొట్టాను. పురుగు తిన్న దానిమ్మ కర్ర చీల విరక్కుండా బయటికొచ్చింది. ముందు వైపు కొట్టి ఉంటే అమ్మవారు నిలువునా చీలిపోయేది.

కొత్త చీల దిగింది. తల నిలబడింది. రేకు బిగించి, బట్ట కప్పాక పూజారి లేచి, నా చేతులు కట్టి, చెక్క కత్తి ఆనించాడు. నిజమే, చల్లగానే తగిలింది.

"చేసిందెవరు?"

"నేను చెయ్యలేదు. నినిల్డు చేశాడు."

అక్కడితో తంతు అయిపోవాలి. కానీ ఆయన కత్తి తియ్యలేదు. అడుగుల చప్పుడు ఆయనా విన్నాడు, గుమ్మం బయట ఉన్న గుడి పెద్దలూ విన్నారు. నా కళ్ళలోకి చూసి, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ, "మరి ఉలికి చోటు చూపించిందెవరు?" అన్నాడు.

నినిల్డు ఎదుట ఒట్టులో ఉన్నాను, అబద్ధమాడితే చచ్చాననుకున్నాను. "మా బావ" అన్నాను.

పూజారి కళ్ళు మూసుకున్నాడు. గుమ్మం బయటి పెద్దలు ఆ మాటా విన్నారు. ఇక ఆయన చేతిలో ఏమీ లేదు.

మధ్యాహ్నానికల్లా మా బావ రెండు చేతులూ తీసేశారు.

ఏం చెప్పి ఉండాల్సిందో నాకు మూడు రోజుల తర్వాత తట్టింది. నినిల్డు అనాలి. అంతే. ఆ చేతులు నినిల్డువే కదా, చూపించింది ఆయనే కదా, అది అబద్ధం కూడా కాదు! ఆ పేరే నా చేత పలికించి, ఆ వెంటనే ఈ ప్రశ్న వేశాడంటే పూజారి నాకు దారి చూపించినట్టే. నా మట్టిబుర్రకు ఎక్కలేదు. పెరట్లో కూర్చుని తల గోడకేసి కొట్టుకున్నాను. ఏం లాభం?

నెల దాకా వాళ్ళింటి గడప తొక్కలేదు. తొక్కిన రోజు అక్క నన్ను చూసీ చూడనట్టు పక్కకు జరిగింది. బావ గోడకు ఆనుకుని ఉన్నాడు, అక్క అతని నోట్లో యవల జావ పోస్తోంది. అతనే అడిగాడు.

"మెడ నిలబడిందా?"

"నిలబడింది బావా."

"చీల ఏ కర్ర?"

"దానిమ్మే."

"ఎండినదేనా? పచ్చిది కొట్టి చచ్చావా?"

"ఎండినదే."

తల ఊపాడు. తర్వాత నవ్వాడు. మూడేళ్ళుగా ఆ నవ్వు వినలేదు. "ఒరే బామ్మర్దీ, ఇప్పుడు నాతో ఒట్టు ఎవడు వేయిస్తాడ్రా? కట్టడానికి ఏముంది?" అంటూ తెరిచి ఉన్న తలుపు వైపు తిరిగి, వీధంతా వినబడేలా అరిచాడు. "ఆ అమ్మవారిని చేసింది నేనే! ఈ రిమూత్! కాళ్ళ గోళ్ళ దగ్గర్నుంచీ నేనే చెక్కాను!"

వీధిలో నీళ్ళు మోసుకుపోతున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. అక్క జావ గిన్నె వదిలేసి రెండు చేతులతో అతని నోరు మూసింది. "ఊరుకోవయ్యా, నీకు దణ్ణం పెడతా! నాలుకైనా మిగలనివ్వు!"

ఆమె వేళ్ళ కింద నుంచి అతను ఆ మాటే అంటున్నాడు. నేను లేచి తలుపు వేశాను.