బంద్ రోజున వచ్చిన మనిషి

ఒక మనిషి మీద నేనొక నింద వేశాను. ఆ మనిషి పోయాడు. నింద ఇంకా బతికే ఉంది. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తూ తిరుగుతున్నాను, ఎక్కడా దించుకోలేక. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నేనెవరో మీకు తెలియకపోవడమే మంచిది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మాది చిట్యాల దగ్గరి పల్లె. ఎమ్మెస్సీ అయ్యాక జనగామలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ప్రభుత్వ నిధులతో నడిచే మూలకణాల పరిశోధన అది. బీడీలు బాగా తాగేవాళ్లలో కొందరికి కాలి రక్తనాళాలు మూసుకుపోయి వేళ్లు నల్లబడతాయి. చివరికి కాలే తీసేయాల్సి వస్తుంది. అలాంటి వాళ్ల ఎముక మజ్జలోంచి మూలకణాలు తీసి, సూదులతో పిక్కల్లోకి ఎక్కిస్తే కొత్త నాళాలు పుట్టి కాలు దక్కుతుందేమోనని చూడడం. దక్కుతుందేమో, అంతే. దక్కుతుందని ఎవరూ చెప్పలేరు.

సూదులు వేసేది నగరంలో. ఇంటికొచ్చాక వాళ్లను కనిపెట్టుకుని ఉండడం నా పని. బస్టాండు దగ్గర ఒక అద్దెగదిలో కూర్చుని పుండ్లు చూసేవాణ్ణి, ఆరు నెలలకోసారి ఢిల్లీకి వెళ్లే నివేదికకు వివరాలు రాసిచ్చేవాణ్ణి. ఎవరికైనా ప్రమాదం జరిగితే మాత్రం ఆరు నెలలు ఆగకూడదు, వెంటనే తెలపాలి. ప్రజల డబ్బుతో ప్రజల ఒంటి మీద చేసే పని కదా. అలా తెలిపితే విచారణ ముగిసేదాకా సూదులు ఆపేయాలి. ఆ మనిషి వైద్యమూ నష్టపరిహారమూ ప్రాజెక్టే చూసుకోవాలి. ఈ నియమం నాకు తెలియదనడానికి లేదు. కంఠతా వచ్చు.

యాకూబ్‌ది జఫర్‌గఢ్. టైలరు. కాలితో తొక్కే కుట్టుమిషనే ఆయన బతుకు. కాలు దక్కుతుందా అని అడిగినప్పుడు ప్రయత్నం చేస్తారని చెప్పాలి. నేను దక్కుతుందన్నాను. తన యాసలోనే మాట్లాడే మనిషి చెబుతున్నాడని నమ్మాడు. బీడీ పూర్తిగా మానాలన్నది ఒక్కటే షరతు. ఆయన భార్య చాంద్‌బీ ఎదుట, బీడీకట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

సూదులు పడ్డాయి. మొదట్లో నొప్పి తగ్గిందన్నాడు. తర్వాత ఒక బంద్ రోజు వచ్చింది. బస్సుల్లేవు, రైళ్లు ఆగిపోయాయి. పొద్దున నేనూ శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చాను. మధ్యాహ్నం గదికొచ్చి నివేదిక పని పెట్టుకున్నాను. ఆ వారమే పంపాలి. అప్పుడు గుమ్మం ముందు మోపెడ్ ఆగింది. బావమరిది భుజం పట్టుకుని యాకూబ్ దిగాడు.

"ఈ బంద్‌ల ఎట్లొచ్చినవ్ చిచ్చా?" అన్నాను.

"రోడ్డు మీద వంటలు చేస్తున్నరు తమ్మీ. నా కాలు జూసి రాళ్లు పక్కకు జరిపిన్రు. బువ్వ తినిపొమ్మన్నరు గూడ," అని నవ్వబోయాడు. నవ్వలేకపోయాడు.

కట్టు విప్పాను. పాదం సగం దాకా నల్లబడింది. సూదులు వేసిన చోట పిక్క ఉబ్బి, చీము పట్టింది. ఆ వాసన గురించి రాయను.

గది వెనక్కి వెళ్లి, ప్రాజెక్టు నడిపే మా సార్‌కు ఫోన్ చేశాను. ఆయన మహబూబాబాద్ మనిషి. చెడ్డవాడు కాదు. నన్ను చదివించినంత పని చేశాడు. చూసినదంతా చెప్పాను. విని అన్నాడు.

"గిది ఇప్పుడు రాస్తే మొత్తం ఆగిపోతది. మన దిక్కు గింత పెద్ద ప్రాజెక్టు ఎన్నడన్న వచ్చిందా? ఒక్కపారి ఆగితే మల్ల మనకెవడిస్తడు?"

"మరి ఏం రాయాలె సార్?"

"ఇయ్యాల బంద్ గదా. ఎవలొస్తరు?"

అంతే అన్నాడు. రాయమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. మిగతాది నేనే అర్థం చేసుకున్నాను. బంద్ వల్ల రోగి పరీక్షకు రాలేదని, ఆ తర్వాత అందుబాటులో లేడని రాశాను. దారిమ్మటి జనం రాళ్లు జరిపి పంపిన మనిషిని, ఆ జనం వల్లే రాలేకపోయాడని రాశాను. ప్రమాదాలు: ఏమీ లేవు. ఎక్కడా ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఒక్కటి ఉన్నా ఇప్పుడు కొంత సుఖంగా ఉండేదేమో.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కూడా కాదు. దీనికైతే సార్ ఉన్నాడు, ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఫోన్ పెట్టేసి ముందుగదిలోకి వచ్చాక జరిగినదానికి ఏ సాకూ లేదు. యాకూబ్ నా ముఖంలోకి చూస్తున్నాడు. ఎందుకిలా అయిందని ఇంకా అడగలేదు. అడుగుతాడని భయపడి నేనే ముందు అడిగాను.

"బీడీ తాగుతున్నవా?"

"లేదు తమ్మీ."

"తాగకపోతే గిట్ల గాదు."

"అల్లా కసమ్, ముట్టలే."

బావమరిది ఆయన వైపు తిరిగాడు. "బావా, అక్కకు మాటిచ్చినవ్ గదా!"

యాకూబ్ మా ఇద్దరినీ చూసి, తల దించుకుని, కట్టు తనే చుట్టుకోసాగాడు.

ఆ మాట నాకెవరు నేర్పారు? సార్ కాదు. ఎవరూ కాదు. తప్పు మాది కాకుండా పోవడానికి అంత తేలికైన దారి ఉందని నాకెలా తట్టింది? వరంగల్ పెద్ద దవాఖానకు వెంటనే పొమ్మని చెప్పి పంపేశాను. అక్కడ మోకాలి పైదాకా తీసేశారు. పరిశోధన తరఫున ఎవరూ వెళ్లలేదు. రికార్డుల్లో ఆయన అసలు రానేలేదు కదా.

కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను.

"మీ పని ఖరాబ్ జేసిన తమ్మీ, మాఫ్ జెయ్యి," అన్నాడు. "ఎన్నడన్న మర్చిపోయి తాగిన్నేమో. నాకే యాదికి లేదేమో."

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. జాగ్రత్తగా ఉండమన్నట్టు "పైలం చిచ్చా" అని పెట్టేశాను.

ప్రాజెక్టు ఆగలేదు. నేను రాసిన 'ఏమీ లేవు' చూసుకుని ఇంకా కొందరికి సూదులు పడ్డాయి. వాళ్లలో ఎవరికేమైందో నేను అడగలేదు. అడగకుండా ఉండడం కూడా ఒక పనే, దానికీ రోజూ కష్టపడాలి. రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి జనగామ చౌరస్తాలో అందరితో పాటు ఎగిరాను. నడుమ ఒకచోట కాళ్లు ఆగిపోయాయి. ఈ జనం మీదే కదా నేను అబద్ధం రాసింది! పక్కనున్నవాళ్లు రంగు చల్లి మళ్లీ లోపలికి లాగారు.

నిరుడు యాకూబ్ పోయాడని తెలిసి జఫర్‌గఢ్ వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. చాంద్‌బీ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది.

"కాలు పోయిందని గాదు బిడ్డా. బీడీ ముట్టనని నా ముందట కసమ్ దిని, దొంగతనంగ తాగిండు. అడిగితే ఒక్కనాడు గూడ ఒప్పుకోలే. ఆ కోపం మీదనే ఎన్నేండ్లో సరిగ్గ మాట్లాడలే నేను."

నోరు తెరిచాను. వాకిట్లో చుట్టాలున్నారు, ఆమె మనవరాలు నీళ్లు తెచ్చి ఇచ్చింది, బావమరిది గోడకానుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. తెరిచిన నోటితో నీళ్లు తాగి వచ్చేశాను.

మళ్లీ వెళతానో లేదో తెలియదు. వెళ్లినా, ఆమెకు ఆ ఏళ్లు తిరిగి ఇవ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతుల్లోనిది కాదు. ఒక్క మనిషైనా వినాలని మాత్రం రాస్తున్నాను. యాకూబ్ బీడీ తాగలేదు. నాకు తెలుసు. ఆ రోజు కట్టు విప్పుతున్నప్పుడు, నొప్పికి నా మీదికి వంగాడు, ఆయన ఊపిరి నా మొహానికి తగిలింది, అందులో బీడీ వాసన లేదు.

తాగలేదు.