చల్లటి ఇంజిన్ ముందు చెవి మేస్త్రీ

చెవి మేస్త్రీ అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ తెలీదు, ఎవరికీ అక్కర్లేదు కూడా. కారు షెడ్డులోకి రాగానే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవిలో దూర్చినంత పని చేసి, కళ్లు మూసుకుంటాడు. లోపలెవరో తనని తెగ పొగుడుతున్నట్టు ముఖం పెడతాడు. ఆ తర్వాత తీర్పు చెబుతాడు. ఆ తీర్పుకి ఎదురు చెప్పేవాళ్లు లేరు, ఆయన భార్య తప్ప. ఆవిడకి ఆ చెవి మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. పక్క గదిలోంచి పిలిస్తే వినపడని చెవికి ఇంజిన్ గుట్టు తెలుస్తుందా అని ఆవిడ ప్రశ్న.

ఇంటిల్లిపాదిలో ఆయన్ని నమ్మే మనిషి ఒక్క మరదలే. భార్యకి చెల్లెలు. ఆమెకో డ్రైవింగ్ స్కూలుంది. స్కూలంటే భవనం ఊహించుకోకండి. ఒక కారు, దాని నెత్తిన బోర్డు, లోపల మరదలి నోరు, అంతే. ఆ కారుకి ఏం చెయ్యాలన్నా బావ చెయ్యే పడాలి. బావ అంటే ఆమెకి అంత గురి.

అలాంటి కారు మొరాయించడం మొదలెట్టింది.

"పొద్దున్నే తీస్తే సిగ్నల్ దగ్గర గజగజా వణికి ఆగిపోతోంది బావా. ఇంజిన్ లైటు కూడా వెలుగుతోంది."

మేస్త్రీకి పొద్దున లేచే అలవాటు లేదు. షెడ్డు తలుపు తీసేసరికి ఎండ చుర్రుమంటుంది. అప్పటికి మరదలు నలుగురికి పాఠం చెప్పి, కాగిపోతున్న కారుని తెచ్చేది. ఆయన వినేవాడు.

"బంగారంలా ఉంది. నీ కాలే క్లచ్ మీద సరిగ్గా పడట్లేదు."

"ఊరందరికీ క్లచ్ నేర్పేది నేను!"

"అందుకే నీకు చెప్పేవాళ్లు లేకుండా పోయారు."

రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి చెప్పా పెట్టకుండా వంతెన పక్కనున్న పెట్టె మేస్త్రీ దగ్గరికి పోయింది. కారుకి తగిలిస్తే లోపలి తప్పులు చదివే కంప్యూటర్ పెట్టె ఉంది ఆయన దగ్గర. అది కామ్‌షాఫ్ట్ కంట్రోల్‌లో లోపం అంది. ఇంజిన్ విప్పాలి, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేనన్నాడాయన. వచ్చే వారమే ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లకి లైసెన్సు టెస్టులు. కారు లేకపోతే అందరూ వేరే స్కూలుకి చెక్కేస్తారు.

"ఇవాళ షెడ్డులోనే వదులుతున్నా. రేపు సాయంత్రానికి తేల్చకపోతే పెట్టె మేస్త్రీకే ఇచ్చేస్తా బావా," అంది. అరిచి చెప్పి ఉంటే ఆయన పట్టించుకునేవాడు కాదు. మెల్లిగా చెప్పింది. అది గుచ్చుకుంది.

తెల్లారగానే మరదలు వచ్చి తలుపు బాదింది. "లేవండి, మీ బంగారం పిలుస్తోంది," అంటూ భార్య దుప్పటి లాగేసింది. ఆ అవకాశం కోసం ఎన్నేళ్లుగా చూస్తోందో!

రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్ స్టార్టు చేసి, బాగా రేజ్ చేసి కాలు తీసింది మరదలు. కారు ఒళ్లంతా వణికి, దగ్గి, చచ్చింది. మేస్త్రీ చెవి దగ్గర స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది. నీ కాలు తప్పు కాదని అనలేదు. "ఊఁ" అన్నాడు. ఆయన నోట అదే పెద్ద క్షమాపణ.

ఇంజిన్ వాల్వుల్ని తెరిచే కడ్డీయే కామ్‌షాఫ్ట్. ఇలాంటి కార్లలో దాన్ని అవసరాన్నిబట్టి కాస్త ముందుకీ వెనక్కీ జరిపేది ఇంజిన్ ఆయిలే. ఆ ఆయిల్ని వదిలేందుకు బొటనవేలంత వాల్వు ఒకటుంటుంది. మేస్త్రీ ముందు ఆ కడ్డీ కదలిక కనిపెట్టే సెన్సారు మార్చాడు. వణుకు పోలేదు. ఆ చిన్న వాల్వు ఊడబీకి బ్యాటరీ వైర్లు తగిలించాడు. టక్, టక్ అని చక్కగా కొట్టుకుంది. దాని జాలీలో జిగురుగా నల్లటి మడ్డి. పెట్రోలుతో కడిగి బిగించాడు. కొంచెం నయం, అంతే.

ఊరికే నిలబడలేక మరదలు ఆయిల్ చూసే పుల్ల లాగింది. "బావా, ఇదేంటి, కిందికి జారనంటోంది?"

"లారీ ఆయిల్. కొండలెక్కే లారీలకి పోసేది. పోయినసారి ఆయిల్ మార్చినప్పుడు, నీ కారు కదా అని కొత్త డబ్బా విప్పి మరీ పోశాను."

ఆమె ఆయిల్ మూత తిప్పి చూపించింది. "పల్చటిది పొయ్యమని దీని మీదే రాసుంది."

"మూత తిప్పడానికిగానీ చదవడానికా?" అన్నాడు. అనేశాక బుర్రలో వెలిగింది. చల్లగా ఉన్నప్పుడు ఆ చిక్కటి ఆయిల్ సన్నటి దారుల్లో కదలదు. కడ్డీ వెనక్కి రావలసినప్పుడు రాదు. కాగితే పల్చబడుతుంది, అంతా సర్దుకుంటుంది. ఆయన ఎప్పుడూ విన్నది కాగిన ఇంజిన్నే.

ఆయిలంతా దించేశాడు. మరదలు తెచ్చిన పల్చటి ఆయిల్ని, కుళాయి నీళ్లు పోస్తున్నంత రోతగా పోశాడు. కాసేపు నడిపి పాతదంతా కడిగేలా చేసి, మళ్లీ దించి, మళ్లీ పోశాడు. ఇక చల్లారితేగానీ తేలదు. ఇంట్లో ఫ్యాను తెచ్చి ఇంజిన్ ముందు పెట్టాడు.

"నాకెప్పుడైనా ఇలా విసిరారా?" అంది భార్య.

"నువ్వెప్పుడు చల్లబడ్డావు గనక!"

సాయంత్రం స్టార్టు చేశారు. రేజ్ చేసి కాలు తీస్తే కారు కిమ్మనలేదు, కుదురుగా ఆడింది. సరిగ్గా అప్పుడే పెట్టె మేస్త్రీ ఫోను.

"కారు తోసుకుపోవడానికి రమ్మంటారా అమ్మా?"

చెవి మేస్త్రీ స్క్రూడ్రైవర్ ఇంజిన్ మీదే ఉంది గానీ వింటున్నది ఇంజిన్ని కాదు.

"వద్దండీ, బాగైపోయింది. మా బావే చేశాడు."

"ఏంటంట లోపం?"

"చిక్కటి ఆయిల్ పోసేశారండీ."

"ఏ తెలివితక్కువ సన్నాసి పోశాడమ్మా?"

మరదలు ఆయనవైపు చూసింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"అదీ మా బావేనండీ. ఇకమీదట కూడా ఆయన దగ్గరికే తెస్తాను. కాకపోతే పొద్దున్నే తెస్తాను."

ఫోను పెట్టేసింది. మేస్త్రీ ఒక కన్ను తెరిచాడు.

"పొద్దున్నే అంటే ఎన్నింటికే, అమ్మాయ్?"